కాన్సెప్టు ఎక్కడుందని జ్యూరీ అడిగితే ఏం చూపించాలి?

కొత్తదారం
నేను హైదరాబాదులో ఫ్యాషన్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పోయిన శుక్రవారం మా కాలేజీలో కాన్సెప్టు రివ్యూ జరిగింది. నేను ఎంచుకున్న విషయం తేలియా రుమాలు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే గడుల చదరపు చేనేత బట్ట. రెండు మూడ్ బోర్డులు (ఆలోచనకు ప్రేరణ ఇచ్చిన ఫోటోలు అతికించిన అట్టలు), ఒక రంగుల బోర్డు, ముప్పై స్కెచ్చులు పట్టుకుని వెళ్లాను. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. తేలియా చరిత్రతో మొదలుపెట్టి, అది చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఎలా వెళ్లిందో చెబుతుండగా, ఐదో నిమిషంలో ఒక జ్యూరీ సభ్యురాలు నన్ను ఆపి, "ఈ సమాచారమంతా బాగుంది, కానీ నీ కాన్సెప్టు ఎక్కడుంది?" అని అడిగారు. నేను మూడ్ బోర్డు వైపు చెయ్యి చూపించాను. "అది ఫోటోల ఆల్బమ్" అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే ఇంటికి వచ్చాక ఆ మాట మరింత గుచ్చుకుంది.

నెల రోజుల్లో మళ్లీ రివ్యూ ఉంది. నేను అడిగేవి రెండు. థీముకూ కాన్సెప్టుకూ తేడా ఏమిటో పుస్తకం భాషలో కాకుండా ఎవరైనా విడమరచి చెప్పగలరా? ఎనిమిది నిమిషాల్లో దాన్ని ఎలా చెప్పాలి? నేను సూర్యాపేట దగ్గర తెలుగు మాధ్యమంలో చదివి వచ్చాను. ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చేసరికి నాకు తెలిసినది కూడా సగమే బయటికి వస్తోంది.

పడుగుపేక
పద్నాలుగేళ్లుగా ఇలాంటి జ్యూరీల్లో బల్లకు అటువైపు కూర్చుంటున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీరు దేని గురించి పని చేస్తున్నారో చెప్పేది థీము. దాని విషయంలో మీరు ఏం నిర్ణయించుకున్నారో చెప్పేది కాన్సెప్టు. "తేలియా రుమాలు" అన్నది ఒక పేరు మాత్రమే. ఎరుపు, నలుపు, తెలుపు గడులు ఉన్న ఏ బట్టయినా ఆ పేరు కింద ఇమిడిపోతుంది. మీ ముప్పై స్కెచ్చులూ ఇముడుతాయి, మరో మూడు వందలు గీసినా ఇముడుతాయి. నేను విద్యార్థులకు చెప్పే పరీక్ష ఒక్కటే. మీ స్కెచ్చుల్లో ఎంతో అందంగా వచ్చిన ఒకదాన్ని తీసి పక్కన పెట్టి, "ఇది బాగుంది, కానీ ఈ కలెక్షన్‌లో దీనికి చోటు లేదు, ఎందుకంటే..." అని వాక్యం పూర్తి చేయండి. "ఎందుకంటే" తర్వాత మాట దొరికితే మీ దగ్గర కాన్సెప్టు ఉంది. దొరకకపోతే ఉన్నది థీము మాత్రమే. దేన్ని వద్దనాలో చెప్పలేని ఆలోచన, దేన్ని ఎలా కుట్టాలో కూడా చెప్పలేదు.

రెండు ప్రశ్నలకు జవాబు ఇవ్వండి. మీ మూడ్ బోర్డుల మీద మొత్తం ఎన్ని ఫోటోలు ఉన్నాయి, వాటిలో ఇతరులు ఇప్పటికే తయారు చేసిన దుస్తుల ఫోటోలు ఎన్ని? మీరు పాత తేలియా రుమాలును చేత్తో ముట్టుకున్నారా?

కత్తెరమాస్టారు
మేడమ్ చెప్పినదానికి నాదొక మాట కలుపుతాను. నేను ముప్పై ఏళ్లుగా కటింగ్ మాస్టర్‌ని. డిజైన్ చదివే పిల్లలు స్కెచ్చులు తెచ్చి ఇది కుట్టి పెట్టమంటారు. బొమ్మ చాలా బాగుంటుంది. జిప్పు ఎక్కడ, మెడలోంచి తల ఎలా పడుతుంది అని అడిగితే వారి దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబు వెతుక్కునే పని కూడా కాన్సెప్టులో భాగమేనని నా నమ్మకం.

కొత్తదారం
@పడుగుపేక, లెక్కపెట్టాను. మొత్తం ఇరవై రెండు ఫోటోలు. వాటిలో పద్నాలుగు పింటరెస్ట్‌లో దొరికిన ఇతరుల దుస్తులు. రుమాలును ఒక ప్రదర్శనలో అద్దం వెనక చూశాను, ముట్టుకోలేదు. ఇంకొక విషయం దాచకుండా చెబుతాను. తేలియా గడులను కంప్యూటర్‌లో గీసి జార్జెట్ మీద డిజిటల్ ప్రింటు వేయించాలని అనుకున్నాను, ఎందుకంటే అసలు బట్ట కొనే స్తోమత నాకు లేదు.

నాడె_చప్పుడు
మాది పుట్టపాక. మా నాన్న, చిన్నాన్న ఇద్దరూ మగ్గం మీదే ఉన్నారు. జార్జెట్ మీద ప్రింటు అనే మాట చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. మీకు ఆ బట్ట ఏమిటో ఎవరూ చూపించలేదని అర్థమైంది కాబట్టి రాస్తున్నాను.

తేల్ అంటే నూనె. రంగు వేయడానికి ముందు నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నువ్వుల నూనెలో పిసికి, ఆరబెట్టి, మళ్లీ పిసుకుతారు. ఇది రెండు మూడు వారాలు రోజూ సాగే పని. ఇంత చేస్తేనే అలిజరిన్ అనే ఎర్ర రంగు నూలులోకి దిగి ఉతుకులకు నిలుస్తుంది. ఆ నూనె వాసన బట్ట నేశాక కూడా పోదు, అందుకే దానికి ఆ పేరు వచ్చింది. తర్వాత పడుగునూ పేకనూ రెండింటినీ గీతల ప్రకారం రబ్బరు పట్టీలతో కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, రెండో రంగు వేస్తారు. నేసేటప్పుడు పేక మీది మచ్చ పడుగు మీది మచ్చతో సరిగ్గా కలిసేలా ప్రతి పోగునూ సరిచూసుకోవాలి. ఇలా నూలును ముందే కట్టి రంగు వేసి నేసే బట్టను ఇక్కత్ అంటారు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే ఇక్కత్‌లో ఒక్క పడుగునో, ఒక్క పేకనో మాత్రమే కడతారు. రెండూ కట్టేది డబుల్ ఇక్కత్. మా ఊరి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఊరి నుంచే గజం గోవర్ధన్ గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చాయి.

ఇదంతా ఊరి గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. ప్రింటు వేస్తే మీకు మిగిలేది గడుల బొమ్మ ఒక్కటే. ఆ గడి ఎందుకు పుట్టిందో, దాని అంచు ఎందుకు కొద్దిగా చెదిరినట్టు ఉంటుందో, బట్ట ఎందుకు నలుచదరంగా ఉందో, ఇవేవీ ప్రింటులోకి రావు. మీకు కాన్సెప్టు దొరకకపోవడానికి కారణం అదేనేమో ఆలోచించండి. కాన్సెప్టు దొరికే చోటునే మీరు ముందుగా తీసేశారు.

ఇంకొక మనవి. ప్రతి ఏడాదీ విద్యార్థులు వచ్చి మా అమ్మ చేతుల ఫోటోలు తీసుకుంటారు. గోధుమ రంగు వెలుతురులో ముడతల చేతులు, కింద "చేనేత ఆత్మ" అని పెద్ద అక్షరాలు. దయచేసి ఆ ఫోటో మీ బోర్డు మీద పెట్టకండి. ఆ చేతులు చేసే పని చూసి మీరేం నేర్చుకున్నారో అది పెట్టండి.

పడుగుపేక
@నాడె_చప్పుడు, చివరి పేరా మా తరగతిలో చదివి వినిపించడానికి మీ అనుమతి అడుగుతున్నాను.

నాడె_చప్పుడు
తప్పకుండా చదవండి మేడమ్.

నీలిమందు
నేను బెంగళూరులో ఒక దుస్తుల కంపెనీలో మర్చండైజర్‌ని. పైవాళ్లు చెప్పింది నిజమే, కానీ ఒక వైపే చూస్తున్నారు. కొత్తదారం గారూ, మీ కలెక్షన్ ఎవరు వేసుకుంటారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా నూనె గురించి, బూడిద గురించి ఎంత చెప్పినా అది మ్యూజియం నోటు అవుతుంది. మా దగ్గరికి వచ్చే కొత్త డిజైనర్లలో చాలామంది "ఆధునిక మహిళ" అంటారు. ఆమె వయసెంత, ఏ ఊరు, ఉదయం ఎన్నింటికి ఇల్లు వదులుతుంది, బస్సెక్కుతుందా, బండి నడుపుతుందా అంటే చెప్పలేరు. ముందు మనిషిని ఎంచుకోండి, తర్వాత బట్టను ఎంచుకోండి.

పడుగుపేక
@నీలిమందు, మనిషి ముందా బట్ట ముందా అన్న చోట మీతో నేను పూర్తిగా ఏకీభవించను. కొందరికి ఆలోచన బట్టలోంచి మొదలవుతుంది, కొందరికి మనిషిలోంచి. ఫ్రెంచి డిజైనర్ మడలీన్ వియొనే కాగితం మీద గీయడం కంటే చిన్న చెక్క బొమ్మ మీద బట్టను చుట్టి, జార్చి, ఏటవాలు కోతతో ఆకారం కనుక్కునేవారు. ఆమె దారి బట్టలోంచి మొదలైంది. చింతకింది మల్లేశం గారి దారి మనిషిలోంచి మొదలైంది. ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చేటప్పుడు, రోజంతా చెయ్యి అటూ ఇటూ తిప్పి తిప్పి తల్లి భుజం నొప్పితో బాధపడటం చూసి ఆయన ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఫ్యాషన్ డిజైనర్ కాకపోయినా, ఒక శరీరాన్ని గమనించడంలోంచి ఒక వస్తువు ఎలా పుడుతుందో చెప్పడానికి నాకు తెలిసిన వాటిలో అంతకంటే మంచి ఉదాహరణ లేదు. దారి ఏదైనా రెండూ ఒకచోట కలుసుకోవాలి. ఆ చోటునే నేను కాన్సెప్టు అంటాను.

స్కూటీపిల్ల
నేను ఈ రంగంలో లేను, బ్యాంకులో పని చేస్తాను, చదువుతూ ఆగాను. ఆ నూనె పట్టిన బట్టను పాతకాలంలో ఎందుకు వాడేవారు, రంగు నిలవడానికి మాత్రమేనా?

నాడె_చప్పుడు
తలకు చుట్టుకోవడానికి వాడేవారు. నూనె పట్టిన నూలు ఎండలో తలను చల్లగా ఉంచుతుందని, దుమ్మును ఆపుతుందని పెద్దలు చెబుతారు. అరబ్బు దేశాల్లో తలగుడ్డగా ఇది ఆదరణ పొందడానికి అదొక కారణం. ఇక్కడ జాలరులు లుంగీగా కట్టుకునేవారు, తలకూ చుట్టుకునేవారు.

స్కూటీపిల్ల
అయితే ఎండకూ దుమ్ముకూ తలకు చుట్టుకునే బట్టే కదా! మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో మేము కూకట్‌పల్లి నుంచి బంజారాహిల్స్ దాకా బండి మీద వెళ్తూ ముఖానికి చుట్టుకునే చున్నీ చేసే పని కూడా అదే. ఆఫీసు మెట్ల దగ్గర ఆ చున్నీ విప్పి, మడిచి, బ్యాగులో కుక్కేసరికి రోజూ ఐదు నిమిషాలు పడుతుంది. దాని గురించి ఎవరైనా ఆలోచిస్తే బాగుండును.

పడుగుపేక
కొత్తదారం గారూ, పైన వచ్చిన మాటను మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదవండి.

కొత్తదారం
చదివాను. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఈసారి బాధతో కాదు. నేనూ ఇన్నాళ్లూ చున్నీ చుట్టుకునే కాలేజీకి బండి మీద వెళ్తున్నాను. ముట్టుకోని రుమాలు గురించి పుస్తకాల్లో వెతికాను, రోజూ తలకు చుట్టుకునే బట్ట గురించి ఒక్క గీత గీయలేదు.

ఉదయం జనరల్ బజార్ వెళ్లి కోరా బట్ట మూడు మీటర్లు తెచ్చాను. తొంభై సెంటీమీటర్ల చదరాలు మూడు కత్తిరించి, పెన్సిల్‌తో తేలియా లాగా గడులు గీసి, అద్దం ముందు కూర్చుని పన్నెండు రకాలుగా కట్టి చూశాను. ప్రతి కట్టునూ ఫోటో తీసి, ఏ మడత ఏ గడి గీత మీద పడిందో రాసుకున్నాను. గడులు ఉన్నందువల్ల ఎక్కడ మడవాలో కంటికి తెలుస్తోంది. గీత మీద మడిస్తే రెండోసారి కూడా అదే కట్టు వస్తోంది, గడులు లేని బట్టతో రావడం లేదు. ఇది కాన్సెప్టు అవుతుందా?

బర్మింగ్‌హామ్_బొంత
ఇది కాన్సెప్టుకు మొదటి అడుగు. నేను ఇక్కడ ఫ్యాషన్ డిజైన్ పీజీ చేస్తున్నాను. ఇక్కడి అధ్యాపకులు పూర్తయిన బొమ్మల కంటే స్కెచ్ బుక్‌లో ఆలోచన నడిచిన దారికి ఎక్కువ విలువ ఇస్తారు. మొదటి సెమిస్టర్‌లో నేను అన్నీ తీర్చిదిద్ది తెల్ల కాగితం మీద అతికించి ఇస్తే, "నీ తప్పులు ఎక్కడ ఉన్నాయి?" అని అడిగారు. ఆ పన్నెండు కట్లలో పనికిరానివి కూడా ఉంచండి. ఎందుకు పనికిరాలేదో పక్కన ఒక్క వాక్యం రాయండి.

కత్తెరమాస్టారు
అమ్మాయ్, రెండు సంగతులు. చున్నీ కొస బండి చక్రంలో చుట్టుకుంటే ఎంత ప్రమాదమో నేను కళ్లారా చూశాను. నువ్వు కట్టే ఏ కట్టులోనూ కొస వేలాడకూడదు, అది అందంగా ఉన్నా సరే. రెండోది హెల్మెట్. మెడ వెనక ముడి వేస్తే దాని మీద హెల్మెట్ అంచు నొక్కుకుని పావుగంటలో నొప్పి మొదలవుతుంది. ఈ రెండూ దాటిన కట్లు నీ పన్నెండింటిలో ఎన్ని ఉన్నాయి?

కొత్తదారం
మాస్టారూ, హెల్మెట్ పెట్టుకుని అన్నీ మళ్లీ చూశాను. పన్నెండింటిలో తొమ్మిది పోయాయి. మిగిలిన మూడింటిలోనూ కొసలు దేనికో ఒకదానికి తగిలించాలి, లేకపోతే ఊడిపోతున్నాయి.

కత్తెరమాస్టారు
కొస నిలవడానికి చోటు కుర్తా మీదే ఉండాలి మరి. భుజం కుట్టు దగ్గర ఒక లూపు ఇవ్వు. కాజా కొట్టాలనుకుంటే చేనేత బట్టకు లోపల బక్రం ముక్క, అంటే గట్టిదనం కోసం వేసే బట్ట ముక్క, వెయ్యి, లేకపోతే వారానికే పోగులు లేచిపోతాయి. ఇంకో మాట, బండి హ్యాండిల్ పట్టుకున్నప్పుడు చేతులు ముందుకు చాపి ఉంటాయి. నిలబడిన బొమ్మ మీద గీసిన కుర్తా కూర్చున్నప్పుడు వీపు మీద బిగుస్తుంది. పాత పద్ధతి కుర్తాలో చంక కింద చదరపు గస్సెట్ ముక్క వేసేవాళ్లం. చెయ్యి ఎటు తిప్పినా పట్టేయదు. నీ రుమాలూ చదరమే, ఆ ముక్కా చదరమే.

పడుగుపేక
మాస్టారు చెప్పిన ఆఖరి వాక్యంతో కలెక్షన్‌కు ఎముకల గూడు దొరికింది. తలమీది చదరం కుర్తా భుజాన్ని నిర్ణయిస్తోంది, కూర్చునే తీరు చంకలోని చదరాన్ని నిర్ణయిస్తోంది. ఇప్పుడు మీ పాత ముప్పై స్కెచ్చులను బల్ల మీద పరిచి, మొదట నేను చెప్పిన పరీక్ష పెట్టండి.

దాంతోపాటు ఇంకొకటి సరిచేసుకోండి. ఫ్యాషన్ బొమ్మను మనం తల పొడవుకు తొమ్మిది రెట్లు ఎత్తుగా గీస్తాం, నిజమైన మనిషి సుమారు ఏడున్నర రెట్లే ఉంటుంది. ఆ పెరిగిన ఎత్తంతా కాళ్లలోకి పోతుంది. అందువల్ల గడుల పరిమాణం బొమ్మ మీద ఒకలా, ఒంటి మీద మరోలా కనిపిస్తుంది. అలంకారాన్ని కొలతతో చూపించాల్సిన చోట నిజమైన నిష్పత్తిలో ఒక బొమ్మ, అది కూడా బండి మీద కూర్చున్న భంగిమలో, తప్పకుండా పెట్టండి. కూర్చున్న బొమ్మ గీసే విద్యార్థులు నాకు అరుదుగా కనిపిస్తారు.

నీలిమందు
దారి బాగుంది, ఇప్పుడు లెక్క చూద్దాం. డబుల్ ఇక్కత్‌తో కుర్తా మొత్తం కుట్టిస్తే బండి మీద ఆఫీసుకు వెళ్లే ఉద్యోగిని కొనలేదు. తలగుడ్డ ఒక్కటి తేలియాగా ఉంచి, కుర్తాను మంగళగిరి నూలు బట్టలో సాదాగా చేయండి. బట్ట గట్టిగా ఉంటుంది, ఉతుకులకు ఆగుతుంది, ధర అందుబాటులో ఉంటుంది.

పడుగుపేక
అప్పుడు జ్యూరీ "ఈ కలెక్షన్‌లో తేలియా ఒక అలంకారపు ముక్కగా మిగిలిపోయింది కదా" అని అడుగుతుంది. ధర కోసం తీసుకున్న నిర్ణయాన్ని కాన్సెప్టుగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

నాడె_చప్పుడు
మేడమ్, ఈ ఒక్క విషయంలో నేను నీలిమందు గారి పక్షం. డబుల్ ఇక్కత్‌ను కత్తిరించి, మెడ తీసి, చంక తీసి మిగిలిన పీలికలను మూల పడేస్తే నేసిన మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. రుమాలు చుట్టూ అంచుతో మగ్గం మీదే పూర్తయిన వస్తువు. దాన్ని కత్తెర ముట్టకుండా వాడాలని ఈ అమ్మాయి నిర్ణయించుకుంటే అది ధర గురించిన నిర్ణయం మాత్రమే కాదు, బట్ట గురించిన నిర్ణయం కూడా. కత్తిరించేది సాదా బట్ట, కత్తిరించనిది తేలియా. ఇలా చెబితే ఒప్పుకుంటారా?

పడుగుపేక
ఒప్పుకుంటున్నాను. ఇలా చెబితే పూర్తిగా వేరే విషయం అవుతుంది. నేను తొందరపడ్డాను.

స్కూటీపిల్ల
కత్తెర ముట్టని చదరం అన్న మాట నాకు చాలా నచ్చింది. నాకొకటి కావాలి, ఇప్పుడే చెబుతున్నాను.

కొత్తదారం
పాత స్కెచ్చులను నేల మీద పరిచి చూశాను. ముప్పైలో ఇరవై ఆరు పోయాయి. నాకెంతో ఇష్టమైన పొడవాటి గౌను కూడా పోయింది. దాని కింది ఘేరా చక్రంలో పడుతుంది, పైగా అది డబుల్ ఇక్కత్‌ను ముక్కలు చేస్తుంది. "ఎందుకంటే" తర్వాత నాకు మాట దొరికింది మేడమ్.

ఇక మాట్లాడటం గురించి సాయం కావాలి. మొదటి వాక్యం ఇలా రాసుకున్నాను: "తేలియా రుమాలు యొక్క సుసంపన్నమైన వారసత్వాన్ని నేటి ఆధునిక మహిళకు అందించే ప్రయత్నమే నా కలెక్షన్."

పడుగుపేక
ఆ వాక్యంలో తేలియా తీసేసి గద్వాల అని పెట్టినా, ఉప్పాడ అని పెట్టినా అది అలాగే నిలబడుతుంది. ఏ పేరు పెట్టినా నిలబడే వాక్యం మీది కాదు. "సుసంపన్నమైన", "ఆధునిక" రెండూ కొట్టేయండి. మీరు కనుక్కున్నదాన్ని మాత్రమే చెప్పండి.

కొత్తదారం
"హెల్మెట్ కింద ముడి లేకుండా కట్టుకోగల ఒక తేలియా చదరం, కత్తెర ముట్టని ఆ చదరాన్ని పట్టుకుని నిలిపే ఐదు దుస్తులు."

పడుగుపేక
ఇది మీది. ఇప్పుడు ఎనిమిది నిమిషాల సంగతి. నేనైతే చరిత్రతో మొదలుపెట్టనివ్వను. గదిలోకి వెళ్లగానే గడులు గీసిన కోరా చదరాన్ని జ్యూరీ చేతికి ఇవ్వండి. ఆ వాక్యం చెప్పండి. మాటలు లేకుండా అర నిమిషంలో ఆ కట్టు కట్టి, హెల్మెట్ పెట్టుకుని చూపించండి. అప్పటిదాకా మీరు ఒక్క బోర్డు కూడా తెరవాల్సిన అవసరం లేదు. తర్వాత పోయిన తొమ్మిది కట్లు ఎందుకు పోయాయో ఒక బోర్డు మీద చూపించండి, దానికి రెండు నిమిషాలు ఇచ్చినా తప్పులేదు, ఎందుకంటే మీ ఆలోచనను జ్యూరీ చూడగలిగేది అక్కడే. నూనె, బూడిద, తలగుడ్డ చరిత్ర ఇవన్నీ మూడు వాక్యాలకు కుదించి రంగుల బోర్డు దగ్గర చెప్పండి. ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి అదే సరైన చోటు. ఐదు దుస్తుల వరుస, ముందు వెనక ఫ్లాట్ బొమ్మలు (దుస్తును నేల మీద పరిచినట్టు గీసేవి), లూపు దగ్గరి కుట్టు వివరం, బట్ట స్వాచ్‌లు (నమూనా ముక్కలు) చివర్లో రావాలి. ఒక నిమిషం ప్రశ్నలకు మిగలాలి. బోర్డు మీద రాసిన దాన్ని పైకి చదవకండి. వాళ్లకు చదవడం వచ్చు.

బర్మింగ్‌హామ్_బొంత
ఒక చిన్న అభ్యంతరం. హెల్మెట్ పెట్టుకుని చూపించడం నాటకంలా అనిపిస్తుందేమో. కొందరు జ్యూరీ సభ్యులకు అది నచ్చదు.

నీలిమందు
కొనుగోలుదారుల ముందు నేను రోజూ చేసే పని అదే. జేబు పనిచేస్తుందని చెప్పడానికి జేబులో ఫోను పెట్టి చూపిస్తాం. వస్తువు చేసే పనిని చూపించడాన్ని నాటకం అనరు.

కొత్తదారం
చూపించడానికి నాకు ధైర్యం ఉంది. భయమంతా ఇంగ్లీషు గురించే.

నీలిమందు
ఆ విషయంలో నిన్ను బుజ్జగించను చెల్లీ. ఉద్యోగానికి వచ్చాక మెయిళ్లు, టెక్ ప్యాక్‌లు (దుస్తు కొలతలు, కుట్టు వివరాలు రాసే పత్రాలు), విదేశీ బయ్యర్లతో మాటలు అన్నీ ఇంగ్లీషులోనే. ఇప్పటి నుంచే సాధన చెయ్యి. రోజూ పది నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకుని విను.

పడుగుపేక
సాధన చేయాలి, నిజమే. కానీ ఆలోచన మాత్రం తెలుగులోనే పూర్తి కావాలని నేను గట్టిగా అంటాను. పైన ఈ అమ్మాయి రాసిన రెండు వాక్యాలు చూడండి. మొదటిది ఇంగ్లీషు బ్రోషర్ల నుంచి తెలుగులోకి దిగుమతి అయిన వాక్యం, అందుకే అందులో ఏమీ లేదు. రెండోది ఆమె తన భాషలో, తన చేతుల్లోంచి రాసింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం ఒక్క సాయంత్రం పని, చిన్న చిన్న వాక్యాలు చాలు. ఎక్కడైనా మాట తట్టకపోతే తెలుగు మాట వాడి, బట్ట మీద వేలు పెట్టి చూపించండి. పడుగు, పేక, ఆసు అనే మాటలను అనువదించాల్సిన పని కూడా లేదు. డ్రేపింగ్ (బొమ్మ మీద బట్ట చుట్టి చూడటం), టాయిల్ (కోరా బట్టలో కుట్టే నమూనా) అనే మాటలను మనం వాళ్ల దగ్గర నుంచి తీసుకోలేదా?

కత్తెరమాస్టారు
నేను పదో తరగతి దాటలేదు. అమెరికా నుంచి వచ్చిన పెళ్లివారికి కూడా కొలతల టేపు చూపించే కోటు కుట్టి ఇచ్చాను. చేతిలో వస్తువు ఉంటే మాట తక్కువైనా పని నడుస్తుంది.

నాడె_చప్పుడు
కొత్తదారం గారికి ఒక ప్రతిపాదన. రెండు మీటర్ల బట్ట కోసం ఎవరూ మగ్గం మీద కొత్త పడుగు పెట్టరు. ఒకసారి పడుగు పెడితే కొన్ని చీరలకో, కొన్ని దుపట్టాలకో సరిపడే పొడవు ఒకేసారి వస్తుంది, విద్యార్థి ఆ ఖర్చు మోయలేరు. కానీ మా ఇంట్లో అచ్చు కుదరక ఒక మూల గడి జరిగిపోయిన రుమాలు ఒకటి ఉంది. అమ్మకానికి పనికిరాదని నాన్న పక్కన పెట్టారు. మీ ట్రయల్‌కు ఇస్తాం. కత్తిరించకూడదన్నదే షరతు, అది మీరే పెట్టుకున్నారు కాబట్టి చెప్పక్కర్లేదు. చౌటుప్పల్ దాకా బస్సులో వస్తే నేను బండి మీద వచ్చి తీసుకువెళ్తాను. గురువారం చిన్నాన్న కొత్త పడుగు అతుకుతారు, అది కూడా చూడవచ్చు. ఆముదపు కాయల బూడిద వాసన మీ ముక్కుకు తగలకుండా ఆ మూడు వాక్యాలు చెప్పడం నాకు ఇష్టం లేదు.

కొత్తదారం
గురువారం తప్పకుండా వస్తాను అన్నా. మా అమ్మను కూడా తీసుకురావచ్చా? ఆమె చిన్నప్పుడు వాళ్ల తాత తలకు ఎర్ర గడుల గుడ్డ చుట్టుకునేవారని నిన్న మొదటిసారి చెప్పింది. అది తేలియానో కాదో ఆమెకు తెలియదు, చూస్తే గుర్తుపడతానంటోంది.

నాడె_చప్పుడు
తీసుకురండి. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

కత్తెరమాస్టారు
వెళ్లే ముందు ఒక పని. మంగళగిరి బట్ట కొన్నావా? కొంటే కత్తెర పెట్టకముందే ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, అప్పుడు ఇస్త్రీ చెయ్యి. చేనేత నూలు కుదించుకుంటుంది. కుట్టాక కుదించుకుంటే నీ భుజం లూపు ఒకచోట, రుమాలు కొస మరోచోట ఉంటాయి.

కొత్తదారం
నిన్న రాత్రే నానబెట్టాను మాస్టారూ. ఇప్పుడు మేడ మీద నీడలో ఆరుతోంది. మూడు మీటర్లకు పది సెంటీమీటర్లు తగ్గింది, కొలిచి స్కెచ్ బుక్‌లో రాసుకున్నాను.